మూసిన రన్‌వే మీద పిట్ట

"ఫైరింజను వెనక్కి తీస్తున్నప్పుడు మీ మామ కనబడలేదా?"

"నేను వెనక్కి తియ్యలేదు మేడమ్."

"ముందుకి పోనిచ్చావా?"

"ముందుకీ లేదు. బండి ఆపి, కారియరు ఆయన చేతికిచ్చి, తిరిగొచ్చేశాను."

లాకప్ గదిలో బల్లకి ఇటు ఇన్‌స్పెక్టరమ్మ, అటు ఎయిర్‌పోర్టు ఫైరింజను డ్రైవరు. గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. మూడు రోజుల్లో ఆమె ఈ ప్రశ్న అడగడం ఇది పద్దెనిమిదోసారి. స్టేషన్లో ఆమెకి వెనకాల ఒక పేరుంది, తుమ్మబంక. ఆ సంగతి ఆమెకి తెలుసు. పెట్టినవాడెవడో కూడా తెలుసు. వాడికి రెండేళ్లుగా అడిగిన రోజున సెలవు దొరకలేదు.

కేసు చూడబోతే చిన్నదే. మంగళవారం మధ్యాహ్నం రన్‌వే పక్కన పిట్టల తాత చచ్చిపోయి కనిపించాడు. విమానాలకి పక్షులు అడ్డం రాకుండా టపాకాయల తుపాకీ పేల్చి తోలడం, చచ్చినవాటిని ఏరడం, ముప్పై ఏళ్లుగా ఆయన ఉద్యోగం. అల్లుడు నడిపే ఫైరింజనే ఆయన్ని గుద్దిందని ఫిర్యాదు. చూసిన సాక్షి ఒక్కడే, లోపలి గేటు దగ్గర కాపలా కాసే మిత్రదేశం మనిషి. టైము సరిగ్గా ఒకటీ యాభై అని రాసిచ్చాడు.

మిత్రదేశం వాళ్లని ఎయిర్‌పోర్టులో అందరూ చుట్టాలంటారు. ఆర్నెల్ల కిందట చుట్టం చూపుగా వచ్చారు, రన్‌వే పగుళ్లు ఉచితంగా పూడ్చిపెడతామని. రోజూ ఒంటిగంట నుంచి మూడింటి దాకా రన్‌వే మూయించి లోపల వాళ్లే ఉంటారు. ఆ రెండు గంటలూ మన విమానాలు లేవు, మన మనుషులూ లేరు. ముసలాడు, పిట్టలవాడు, వీడితో మనకేం పని అని ఒక్క తాతనీ, రోజూ ఆయనకి అన్నం ఇచ్చొచ్చే అల్లుడి బండినీ మాత్రం వదిలేశారు.

ఇప్పుడు ఆ తాత చావు మరమ్మతుల చోట జరిగిన ప్రమాదమట. కాబట్టి ఒప్పందం ప్రకారం నిందితుణ్ణి చుట్టాల కోర్టుకి అప్పగించాలట. గడువు ఈరోజు సాయంత్రం నాలుగింటికి. మన మనిషి మన నేల మీద మన మనిషిని చంపాడో లేదో వాళ్లు తేలుస్తారన్నమాట. ఆ కాగితం చదివిన దగ్గర్నుంచి ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్లు మండుతూనే ఉంది. నాలుగు దాటితే ఈ డ్రైవరు ఏ దేశం జైల్లో తేలతాడో అడిగే హక్కు కూడా ఆమెకి ఉండదు.

"రెండింటికి ఫైరు స్టేషన్లో హాజరు పట్టీ మీద నీ సంతకం ఉంది. పధ్నాలుగు మంది నిన్ను చూశారు. ఒకటీ నలభైకి మీ మామ దగ్గరున్నావు. ఈ రెంటికీ మధ్య కుదిరేలా సాక్షి టైము చెప్పాడు. నాకు అంతవరకూ అర్థమైంది. నువ్వు దాస్తున్నదే అర్థం కావడం లేదు" అంది ఆమె. "కారియరు ఇచ్చినప్పుడు ఏమన్నాడు?"

"అన్నం సంగతే మేడమ్..."

"మూడు రోజులుగా అన్నం సంగతే చెప్తున్నావు. కారియర్లో ఏముందో నాకొద్దు. నీకు నోరు కుట్టిందెవరు?"

డ్రైవరు తల వంచుకున్నాడు. మెడ వెనక నరాలు పొంగాయి.

"కోటు సారు వచ్చారు మేడమ్, మంగళవారం సాయంత్రం. రన్‌వే మాట ఎత్తితే మా ఆవిణ్ణి క్వార్టర్స్ ఖాళీ చేయిస్తామన్నారు. తండ్రి పోయి, నేనిక్కడుండి, అది ఎక్కడికి పోతుంది?"

కోటు సారంటే చుట్టాలతో వ్యవహారాలు చూసే మన ప్రభుత్వ అధికారి. ఎంత ఎండలోనైనా కోటు విప్పడు. ఇన్‌స్పెక్టరమ్మ పళ్లు బిగించింది. "ఆ పిల్లని ఎక్కడికీ పంపరు. అది నా పూచీ. చెప్పు."

"రన్‌వే మూసే ఉంది కదయ్యా, మరి పిట్టలెలా చస్తున్నాయి అన్నారు మామయ్య. ఈ నెల్లో పదింటిని ఏరాను, రోడ్డు రోలరు కింద పడి ఏ పిట్టా చావదు అన్నారు. నేను కసిరాను మేడమ్. రిటైరయ్యే ముందు మనకెందుకు మామయ్యా ఈ గోల అన్నాను. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే."

ఓదార్చడం ఇన్‌స్పెక్టరమ్మకి చేతకాదు. మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరిపింది.

"ఆ పదింటి సంగతి పుస్తకంలో రాశాడా?"

"పుస్తకం పోయింది కదా మేడమ్."

పోయింది. మంగళవారం పోలీసులు వెళ్లేసరికే తాత గుడిసెలో రిజిస్టరు లేదు, సంచీ లేదు.

"అయినా పుస్తకం సాయంత్రం ఇంటికి తెచ్చుకుని రాసేవారు" అన్నాడు డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ. "కాళ్లూ చేతులూ కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, మా ఆవిడ పక్కన కూర్చుని. పిట్టల పేర్లు అదే చెప్పేది. ఆయనకి తెలిసింది సగమే."

"సాయంత్రం దాకా అన్నీ గుర్తుంచుకునేవాడా?"

"గుర్తెందుకు? చీటీ ఉంటుందిగా."

"ఏ చీటీ?"

"పిట్టతో పాటు పెట్టే చీటీ. ఎప్పుడు దొరికింది, ఎక్కడ దొరికింది అని. సాయంత్రం ఇంటికి తెచ్చి, పొద్దున మళ్లీ పెట్టేస్తారు."

"పిట్టని ఎక్కడ పెడతాడు?"

"ఫ్రీజర్లో" అన్నాడు డ్రైవరు, ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఏడాదికోసారి పక్షుల ఆఫీసు వాళ్లొచ్చి పట్టుకెళ్తారు. అందాకా గుడిసెలోనే."

ఇన్‌స్పెక్టరమ్మ తల తిప్పి తలుపు దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్‌ని చూసింది. ఆయన టోపీ సర్దుకున్నాడు.

"ఫ్రీజరు చూశాం మేడమ్. అంటే, మూత ఎత్తాం. కంపు. దించేశాం."

"మీరే దించేశారంటే పుస్తకం ఎత్తుకెళ్లినవాళ్లూ దించేసే ఉంటారు. జీపు తియ్యమనండి."

* * *

ఒకటీ పదిహేనుకి లోపలి గేటు. ఎర్ర గీత, ఇనప కడ్డీ, కడ్డీకి అటు రన్‌వే. అది ఈ దేశం డబ్బుతో ఈ దేశం కూలీలు వేసిన రన్‌వే. ఇటు నిలబడి చెయ్యి చాపినవాడు మాత్రం వేరే దేశం యూనిఫారంలో ఉన్నాడు.

"పాస్" అన్నాడు.

"ఈ దేశం పోలీసుని" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"పాస్" అన్నాడు మళ్లీ. వాడికి మన భాషలో వచ్చిన ముక్క అదొక్కటే కాబోలు.

వాడి వెనక నీడలో కోటు నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ల కిందట ఈ కోటు ఆమె స్టేషన్లోనే ప్రొబేషన్‌లో ఉండేవాడు. పంచనామా ఎలా రాయాలో చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగినంత పని చేసేవాడు. తర్వాత పెద్ద పరీక్ష రాసి, పోలీసు శాఖ వదిలి, పై మెట్టెక్కాడు. సాయంత్రం అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేదీ వీడే.

"నమస్తే మేడమ్. ఎండన పడి వచ్చారు" అన్నాడు.

"మేజిస్ట్రేటు ఉత్తర్వు. గుడిసె మళ్లీ సోదా చెయ్యాలి."

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరగంట ఇస్తాను. ఒకటీ ఇరవై నుంచి ఒకటీ యాభై. మీరూ, హెడ్డుగారూ ఇద్దరే. ఫోన్లు ఇక్కడ పెట్టెయ్యాలి. బయటివాళ్లని రానివ్వను."

"పోలీసు కాని సాక్షి ఒక్కడైనా సంతకం పెట్టకపోతే పంచనామా చిత్తుకాగితం. నీకు నేనే చెప్పాను ఆ మాట."

"అది మీ ఇబ్బంది మేడమ్. నాది కాదు."

"ఆ కోటు కొన్నప్పుడు సిగ్గుకి జేబు కుట్టించుకోలేదా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఫోను తీసి ట్రేలో విసిరేసింది.

కడ్డీ లేచింది. నడుస్తూ ఆమె పక్కనున్న చుట్టాల జీపు చూసింది. రంగు వెలిసిన పాత జీపు. ఎడమ దీపం అద్దం మాత్రం నిన్న మొన్న వేసినట్టు తళతళలాడుతోంది. బంపరు తన తుంటి ఎత్తుకి వచ్చింది. పోస్టుమార్టంలో తాతకి దెబ్బ తుంటి దగ్గరే తగిలింది. ఫైరింజను బంపరైతే ఛాతీకి తగలాలి. ఆమె పైకేం అనలేదు, నంబరు మనసులో వేసుకుంది.

గుడిసె పది అడుగులకి ఎనిమిది. రేకుల కప్పు, నులక మంచం, గోడకి ఆనించిన సైకిలు. మేకుకి టపాకాయల తుపాకీ. దాని పక్క మేకు ఖాళీగా ఉంది, కింద గోడ మీద పుస్తకం సైజులో తెల్లటి మచ్చ. కిటికీ గట్టు మీద కొత్త ఫోను. పాతది పీకేసి ఎయిర్‌పోర్టంతా చుట్టాలే ఉచితంగా పెట్టించారు. మూల ఐస్‌క్రీం దుకాణాల్లో ఉండేలాంటి పెట్టె ఫ్రీజరు గుర్రుమంటోంది.

ఆమె ముందు మూలనున్న నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లింది. గట్టు మీద మూడు గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒకటి తిప్పి చూసింది. అడుగున ఫైరు స్టేషను ఎర్ర రంగు చుక్క.

"హెడ్డుగారూ, ఇవి అల్లుడు తెచ్చిన కారియరు గిన్నెలు. ఒకటీ నలభైకి చేతికందింది. ఒక్క పన్నైనా లేని ముసలాయన తిని, గిన్నెలు కడిగి, బోర్లించి, బయటికెళ్లి ఒకటీ యాభైకి చచ్చిపోయాడా?"

"పళ్లున్న నాకే ఇరవై నిమిషాలు పడుతుంది మేడమ్."

గుమ్మంలో నిలబడ్డ కోటు నవ్వాడు. "ఆకలేసి ఉంటుంది."

ఇన్‌స్పెక్టరమ్మ జవాబు చెప్పకుండా ఫ్రీజరు మూత ఎత్తింది. కంపు గుప్పుమంది. కోటు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు బయటికి పోయాడు. ఆమెకి కావలసిందీ అదే.

పొట్లాలు వరసగా ఉన్నాయి. ఒక్కో పిట్ట ఒక్కో ప్లాస్టిక్ సంచీలో, పైన చీటీ. గుండ్రటి అక్షరాలు, తప్పులు లేని అంకెలు. చాలావాటి మీద ఉదయమో సాయంత్రమో టైము ఉంది. అవి మన విమానాల పుణ్యం. పదింటి మీద మాత్రం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య టైము. రన్‌వే మీద ఏ విమానమూ ఉండకూడని రెండు గంటల్లో ఎగిరే పిట్టలు పది చచ్చాయి. వచ్చినవాళ్లు కాగితాలు వెతికారు, పుస్తకం ఎత్తుకుపోయారు. తాత లెక్క పిట్టల్లోనే ఉంటుందని వాళ్లకి తట్టలేదు.

అన్నిటి పైనా పదకొండోది. ఆమె చీటీ చదివింది.

'మంగళవారం. 2-25. అవతలి చివర, విమానం తిరిగే చోట. ఎండ మాడుతోంది, పిట్ట మాత్రం ఐసుగడ్డ. నేల మీద రక్తం లేదు. ఇక్కడ చచ్చింది కాదు. అమ్మాయిని అడగాలి.'

రెండూ ఇరవై ఐదు. అప్పటికి అల్లుడు ఫైరు స్టేషన్లో పధ్నాలుగు మంది మధ్య గొట్టాలు కడుగుతున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మకి మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

సంచీ విప్పింది. తెల్లటి పిట్ట, రెక్కల మీద నల్లటి పట్టీలు, పొడుగాటి కాళ్లు. ముక్కు సూదిలా సన్నగా ఉంది, చివర పైకి వంగింది. ఇలాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు. ఎడమ కాలికి అల్యూమినియం ఉంగరం, దాని మీద మనవి కాని అక్షరాలు.

"అమ్మాయిని అడగాలి" అని తనలో తనే అనుకుని, కిటికీ గట్టు మీది ఫోను ఎత్తి క్వార్టర్స్ నంబరు తిప్పింది. తాత కూతురే ఎత్తింది. గొంతు బొంగురుగా ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ పిట్ట ఎలా ఉందో చెప్పింది.

"ముక్కు పైకి వంగిందా? కాళ్లు నీలంగా ఉన్నాయా మేడమ్?"

"నీలమే."

"అయితే అది మన దగ్గరి పిట్ట కాదు. ఉప్పు సరస్సులో ఉంటుంది. సరిహద్దు అవతల, పొరుగు దేశంలో. ఇక్కడికి మూడొందల మైళ్లు. ఈ నెల్లో పిల్లల్ని పెంచుకుంటూ ఉంటాయి, గూడు వదిలి కదలవు. ఉంగరం వేసేది కూడా ఆ సరస్సు దగ్గరి వాళ్లే." ఆ అమ్మాయి ఆగింది. "నాన్న దీని మీద ఏమైనా రాశారా?"

"అమ్మాయిని అడగాలి అని రాశాడమ్మా."

ఆ అమ్మాయి చిన్నగా అంది. "అడిగారుగా. చెప్పాను."

ఫోను పెట్టేశాక ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి కాసేపు దాని మీదే ఉండిపోయింది. మంగళవారం మధ్యాహ్నం ఆ ఉప్పు సరస్సు ఒడ్డున పొరుగు దేశం సైనికుల బ్యారక్‌లు బాంబులు పడి మంటల్లో కాలిపోయాయి. ముప్పై ఒక్కమంది చచ్చారు. ఎవరు చేశారో తెలియదని మిత్రదేశం చేతులు దులుపుకుంది. మన ప్రధాని సభలో గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు, మన నేల గాని ఆకాశం గాని ఎవరూ వాడుకోలేదని. ఆయన అబద్ధమాడాడో, ఆయన చెవిలోనే పువ్వు పెట్టారో! పొరుగు దేశం మాత్రం ఒక్కటే అంది. ఎవరి నేల మీంచి వచ్చారో తేలిన రోజున ఆ నేలకే జవాబు చెప్తామని.

కోటు గుమ్మంలోకి వచ్చాడు. "ఒకటీ ముప్పై ఎనిమిది. అయిందా మేడమ్? ఏం దొరికింది?"

"పిట్ట." ఆమె చీటీని అరచేత్తో మూసింది. "మంగళవారం ఒకటిన్నరకి రన్‌వే చివర దొరికిందని రాసుంది. అంటే మీ సాక్షి చెప్పిన టైముకి ముందే. నీ కేసుకి ఇబ్బందేం లేదు."

"ఒకటిన్నరకా? ఎలా కుదురుతుంది? విమానం దిగిందే రెండూ ఇరవై..."

ఆగిపోయాడు.

"ఏ విమానం?" అంది ఇన్‌స్పెక్టరమ్మ మెత్తగా. "రన్‌వేకి మరమ్మతులు కదా. హెడ్డుగారూ, రాసుకున్నారా?"

"రెండూ ఇరవై దాకా రాశాను మేడమ్. మిగతాది సారు మింగేశారు."

కోటు మొహం ఎర్రబడింది. "ఇందులో రహస్యం ఏమీ లేదు. మందులు, సామాను. వాళ్ల దళాలకి పంపే సామాను ఇక్కడ దించుకుని వెళ్తారు. పైవాళ్లకి తెలుసు."

"పైవాళ్లంటే ఎంత పైన?"

"ఎయిర్‌పోర్టు డైరెక్టరుకి తెలుసు."

"ఆయన పైన?"

కోటు గేటు వైపు చూశాడు.

ఆమె అరచెయ్యి తీసి చీటీ చూపించింది. "ఇప్పుడు చదువు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐసుగడ్డలాంటి పిట్ట. అంటే బాగా ఎత్తున, చలిలో, విమానం లోపల ఇరుక్కుని వచ్చింది. ఇక్కడ ఆగి తలుపులు తెరిచాక జారిపడింది."

"చక్రాల గదిలో ఇరుక్కుని ఉంటుంది. మామూలే."

"చక్రాల గదిలోదైతే చక్రాలు దిగేటప్పుడే గాల్లోనే పడిపోయేది కదా? ఉంగరం చూడు."

అతను పిట్ట కాలు దగ్గరికి వంగాడు. ఆ లిపి అతనికి వచ్చు. పెదాలు కదిలాయి, ఆగాయి.

"అది ఉప్పు సరస్సు పిట్ట" అంది ఆమె. "చక్రాల గదిలోకి దూరిందంటే వాళ్ల విమానం ఆ సరస్సు దగ్గర దిగిందన్నమాట. దిగలేదంటావా? అయితే దూరేందుకు ఇంకొక్క దారే ఉంది, పొట్ట కింది తలుపులు. గాల్లో ఉండగా ఆ తలుపులు ఎందుకు తెరుస్తారో నాకంటే నీకే బాగా తెలుసు. నీ రిపోర్టులో ఏది రాస్తావో నువ్వే చెప్పు."

కోటు మంచం మీద కూలబడ్డాడు.

"సామాను అన్నారు నాతో" అన్నాడు. "సామాను దించడమే అన్నారు."

"దించారుగా. ముప్పై ఒక్కమంది నెత్తిన. వెనక్కొచ్చాక, ఈ పిట్టని ఏరిన ముసలాణ్ణి జీపుతో గుద్ది, ఆయన అల్లుడి మెడకి చుట్టారు. ఆ ఉరితాడు మీద నీతో సంతకం పెట్టిస్తున్నారు. రేపు పొరుగువాడు జవాబు చెప్పడానికి వస్తే చుట్టాల దేశానికి పోడు. ఇక్కడికొస్తాడు. ఈ రన్‌వేకి, ఆ క్వార్టర్సుకి, నీ పిల్లలున్న ఊరికి."

కోటు ఉలిక్కిపడినట్టు తలెత్తాడు.

"ఈ పిట్ట ఎక్కడిదో మీకెవరు చెప్పారు?"

"తాత కూతురు."

"ఎప్పుడు? మీ ఫోను గేటు దగ్గరుంది కదా."

ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ గట్టు వైపు చూసింది. ఆ చూపుతోనే ఆమెకి తెలిసిపోయింది, తను పప్పులో కాలేశానని. పన్నెండేళ్ల కిందట వీడికి పాఠాలు చెప్పిన మనిషి, ఇరవై ఆరేళ్ల సర్వీసు, శత్రువు పెట్టిన ఫోనులోనే సాక్ష్యం ఏమిటో, సాక్షి ఎవరో విప్పి చెప్పింది.

"అక్కా" అన్నాడు కోటు. పన్నెండేళ్ల తర్వాత ఆ పిలుపు అతని నోటి నుంచి దానంతటదే వచ్చింది. "ఆ ఫోన్లో ప్రతి ముక్కా వాళ్లు వింటారు."

ఫోను మోగింది.

"మేడమ్!" తాత కూతురే. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీరు పంపారని ఇద్దరొచ్చారు. మరమ్మతుల వాళ్ల పసుపు చొక్కాలు. మా ఆయన్ని చూపిస్తాం, బట్టలు సర్దుకుని రమ్మంటున్నారు. వెళ్లనా?"

"తలుపు తీశావా?"

"గొలుసు వేసి మాట్లాడాను."

"నేనెవర్నీ పంపలేదు. తియ్యకు. మీ వరసలో ఫైరువాళ్లని డ్యూటీకి పిలిచే గంట ఉంటుంది కదా, ఎక్కడుంది?"

"వెనక వసారాలో. తాడు ఉంది."

"ఫోను పెట్టెయ్యకుండా పక్కన పెట్టి వెళ్లు. తాడు పట్టుకుని లాగు. మీ ఆయన తోటివాళ్లు పధ్నాలుగు మందీ వచ్చి నీ ముందు నిలబడేదాకా ఆపకు తల్లీ. వెళ్లు!"

అడుగుల చప్పుడు. ఎవరో తలుపు మీద బలంగా బాదుతున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు క్షణాలు ఇన్‌స్పెక్టరమ్మ ఊపిరి బిగబట్టింది. గణగణమని గంట మొదలైంది. ఫోన్లోంచి వినబడుతోంది, తర్వాత కిటికీలోంచి కూడా దూరంగా. బాదడం ఆగిపోయింది. బూట్లు మెట్లు దిగి పరిగెత్తిన చప్పుడు, ఆ వెనకే ఎవడో ఫైరువాడి గావుకేక, "ఎవడ్రా అది, పట్టుకోండి!"

ఆమె ఫోను దించలేదు. నోటికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"వింటున్న చుట్టాలకి చెబుతున్నాను. ఆ పిల్ల దగ్గర ఏమీ లేదు. పిట్ట నా దగ్గరుంది, చీటీ నా దగ్గరుంది, ఉంగరం నా దగ్గరుంది. నేను పిట్టల తాత గుడిసెలో ఉన్నాను. కావలసినవాళ్లు ఇక్కడికి రండి. మా దేశంలో మీరు ఏ తలుపు తట్టాలన్నా ముందు నా తలుపు తట్టాలి."

ఫోను పెట్టేసింది. జేబులోంచి తెల్లకాగితాలు తీసి ఫ్రీజరు మూత మీద పరిచింది.

బయట గేటు వైపు ఒక ఇంజను స్టార్టయింది. హెడ్డు కిటికీలోంచి తొంగిచూశాడు. "జీపు మేడమ్. ఎడమ దీపం కొత్తది. ఇటే తిరిగింది."

"తలుపు గడియ పెట్టండి."

కోటు లేచాడు. వెళ్తాడనుకుంది ఆమె. గుమ్మం దాటి నాలుగు అడుగులేస్తే అతనికి ఏ ప్రమాదమూ లేదు. అతను గుమ్మం దాకా వెళ్లి, తనే గడియ వేసి, నులక మంచాన్ని తలుపుకి అడ్డంగా ఈడ్చాడు. ఆ పనికి కోటు చంకల దగ్గర బిగుసుకుంటే విప్పి మేకుకి తగిలించాడు. తాత పుస్తకం ఉండే మేకు అది.

"నువ్విప్పుడు పోలీసువి కాదు కదా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ, తలెత్తకుండా.

"కాదక్కా."

"అప్పగింత కాగితం?"

"సంతకం పెట్టను. మీకు సాక్షి కావాలిగా. నా పేరు రాయండి. అసలు పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. అన్నీ రాయాలని మీరే చెప్పారు."

జీపు గుడిసె ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, ఒకటి, రెండు, మూడు. కంకర మీద బూట్లు. ఇన్‌స్పెక్టరమ్మ కలం మూత పళ్లతో తీసింది.

"హెడ్డుగారూ, టైమెంత?"

"ఒకటీ నలభై ఎనిమిది మేడమ్."

"ఇంకా రెండు నిమిషాలుంది" అంది ఆమె, పంచనామా మొదటి గీత మీద తేదీ వేస్తూ.